121 ఓటములు ఒక్క ఏడాదిలో రాలేదు

2024 సెప్టెంబరు 24 సాయంత్రం షికాగో సౌత్ సైడ్‌లోని బేస్‌బాల్ స్టేడియానికి వచ్చినవాళ్లలో చాలామంది తమ జట్టు ఓడిపోతే చూద్దామని టికెట్ కొనుక్కున్నారు. మీరు సరిగ్గానే చదివారు. వాళ్ల జట్టు వైట్ సాక్స్ అప్పటికే 120 మ్యాచ్‌లు ఓడి, 1962 నుంచి న్యూయార్క్ మెట్స్ పేరిట ఉన్న రికార్డును సమం చేసి కూర్చుంది. ఇంకొక్కటి ఓడితే చాలు, 1900 తర్వాత ఏ మేజర్ లీగ్ (అక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) జట్టూ ఒక సీజన్‌లో ఓడనన్ని ఓడినట్టు. ఎలాగూ పరువు పోయింది, ఆ పోయేదేదో మన కళ్లముందే పోతే రేపు పిల్లలకు చెప్పుకోవచ్చని జనం లెక్క. యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్‌కు వినపడేలా ‘సెల్ ద టీమ్’ అని ఒకటే అరుపులు. తీరా చూస్తే జట్టు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో (మ్యాచ్‌కు తొమ్మిది ఉంటాయి) మూడు పరుగులు చేసి 3-2తో గెలిచింది. మర్నాడూ గెలిచింది. ఆ మర్నాడు ఏకంగా 7-0. ప్రత్యర్థి ఏంజెల్స్ మీద మూడుకు మూడూ! ఏడాది పొడవునా అడక్కుండానే ఓడిన జట్టు, జనం కోరి వచ్చినప్పుడు మాత్రం ఓడలేకపోయింది.

ఆ ముచ్చట 27న డెట్రాయిట్‌లో తీరింది. 4-1తో ఓటమి, 121వది. సీజన్ ముగిసేసరికి లెక్క 41 గెలుపులు, 121 ఓటములు.

120వ ఓటమి శాన్ డియాగోలో, 121వది డెట్రాయిట్‌లో. ఈ రెండు ఊళ్లూ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి. షెడ్యూల్ వేసినవాడు కావాలని వేసినా ఇంత అతికినట్టు కుదరదు. ఆ 121 మ్యాచ్‌ల్లో చాలా వాటి ఫలితం 2024కి ఎన్నో ఏళ్ల ముందే తేలిపోయిందని, అది ఈ రెండు ఊళ్లను చూస్తేనే తెలుస్తుందని నా అభిప్రాయం.

అసలు ఇది ఎంత ఘోరం

క్రికెట్ కళ్లతో చూస్తే ఇది సరిగ్గా అర్థం కాదు. 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచిన జట్టును మనం చూశాం, ఆ లెక్కన 162కు 41 మేలే కదా అనిపిస్తుంది. కానీ బేస్‌బాల్‌లో అదృష్టం పాలు చాలా ఎక్కువ. మంచి జట్టు కూడా దాదాపు రోజూ ఆడుతూ, రెండున్నర రోజులకొకసారి ఓడుతూనే ఉంటుంది. 2024లో లీగ్ మొత్తంలో ఎక్కువ మ్యాచ్‌లు గెలిచి, చివరికి టైటిల్ కూడా కొట్టిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆ సీజన్‌లో 64 ఓడింది. అందుకే అక్కడి వాళ్లు ఒక మాట అంటుంటారు: ఎంత గొప్ప జట్టయినా మూడో వంతు ఓడుతుంది, ఎంత చెత్త జట్టయినా మూడో వంతు గెలుస్తుంది, మిగిలిన మూడో వంతులో నువ్వేం చేశావన్నదే నీ సీజన్. మూడో వంతంటే 54. ఊరికే వచ్చిపడాల్సిన ఆ 54 కూడా వైట్ సాక్స్‌కు రాలేదు.

ఇంకో కొలబద్ద ఉంది, నాకు ఇది ఎక్కువ నచ్చుతుంది. బేస్‌బాల్ గణాంకాల వాళ్లు ఒక ఊహా జట్టును పెట్టుకుంటారు. స్టార్ ఒక్కడూ ఉండడు. మైనర్ లీగుల్లో (మేజర్ లీగ్‌కు కింది మెట్లు) ఖాళీగా ఉన్నవాళ్లను, వేరే జట్లు వదిలేసినవాళ్లను, ఎవరు దొరికితే వాళ్లను కనీస జీతానికి తెచ్చి నింపేస్తారు. ఆ కనీస జీతం 2024లో 7.4 లక్షల డాలర్లు. అలాంటి అతుకుల బొంత జట్టు 162 ఆడితే ఎన్ని గెలుస్తుంది? వాళ్ల లెక్క ప్రకారం దాదాపు 48. వైట్ సాక్స్ గెలిచింది 41. కోట్ల డాలర్లు పెట్టి కట్టిన జట్టు, ఏమీ పెట్టకుండా కట్టిన ఊహా జట్టు కన్నా ఏడు మెట్లు కింద ఉంది.

పాత రికార్డులతో పోల్చినా సాకు దొరకదు. 1962 మెట్స్‌కు అది పుట్టిన ఏడు, మిగతా జట్లు వద్దనుకున్న ఆటగాళ్లతో మొదలైన కొత్త జట్టు. అంతకు ముందు 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 134 ఓడింది గానీ, వాళ్ల యజమానులు సెయింట్ లూయిస్‌లో ఇంకో జట్టు కొని, మంచివాళ్లందరినీ అక్కడికి తరలించేశారు. అది ఓటమి కాదు, ఇల్లు ఖాళీ చేయడం. వైట్ సాక్స్ సంగతి అలా కాదు. 1901 నుంచి, మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఉంది, దేశంలోని పెద్ద నగరాల్లో ఒకదానిలో ఉంది, అంతకు మూడేళ్ల ముందు 93 గెలిచి తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

అదృష్టం పాలు ఎంతో చూద్దాం. సీజన్ మొత్తంలో జట్టు చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813. మ్యాచ్‌కు మూడు చేసి ఐదు ఇచ్చారన్నమాట. చేసినవీ ఇచ్చినవీ బట్టి ఎన్ని గెలవాలో చెప్పే సూత్రాలున్నాయి. ఏది వాడినా 45, 48 మధ్య వస్తుంది. మిగతా నాలుగో ఏడో దురదృష్టానికి, ఆఖరి ఇన్నింగ్స్‌లలో చేజార్చుకున్న మ్యాచ్‌లకు రాసుకోవచ్చు. మొత్తం కథలో విధి వంతు అంతే.

ఆ వంతు ఎలా ఉండేదో ఒక్క మ్యాచ్ చూపిస్తా. మే 23, బాల్టిమోర్‌తో సొంత స్టేడియంలో. ఆఖరి ఇన్నింగ్స్. బాల్టిమోర్ 8-6తో ముందుంది, వైట్ సాక్స్ వాళ్లు బేస్‌ల మీద ఇద్దరు, అవుటయింది ఒక్కరే (మూడు అవుట్లయితే ఇన్నింగ్స్ ముగుస్తుంది). ఒక మంచి దెబ్బ పడితే మ్యాచ్ తిరగబడుతుంది. ఆండ్రూ బెనింటెండీ కొట్టిన బంతి దూరం పోకుండా నిట్టనిలువునా లేచింది. ఇలాంటప్పుడు ఒక నియమం ఉంది: ఫీల్డర్ కావాలని క్యాచ్ వదిలేసి ఇద్దర్ని అవుట్ చేసే చెడు తెలివి చూపించకుండా, బంతి కింద పడకముందే అంపైర్ బ్యాటర్‌ను అవుట్ ఇచ్చేస్తాడు. ఇచ్చాడు. రెండో బేస్ వైపు ఉన్న ఆండ్రూ వాన్ తన బేస్‌కు తిరిగి వస్తున్నాడు. క్యాచ్ కింద కాచుకుని ఉన్న బాల్టిమోర్ ఫీల్డర్ గనర్ హెండర్సన్‌కు అడ్డొచ్చాడని అంపైర్ అతణ్నీ అవుట్ ఇచ్చాడు. హెండర్సన్ ఆ క్యాచ్ హాయిగా పట్టుకున్నాడు కూడా. ఒక్క గాల్లో బంతికి రెండు అవుట్లు, మ్యాచ్ అయిపోయింది. మూలిగే నక్క మీద తాటికాయ పడడమంటే ఇదే. అయితే ఆ నక్క అంతకుముందు నుంచే మూలుగుతోంది కదా, దాని జబ్బేమిటన్నది అసలు ప్రశ్న.

జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరసగా 21 ఓడిన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికన్ లీగ్‌లో 1988లో బాల్టిమోర్ పెట్టిన రికార్డుకు సమానం. పత్రికలు దాన్నొక శాపంలా రాశాయి. నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. నాలుగింట ఒకటి గెలిచే జట్టు, ఒక్కో మ్యాచ్‌కూ బొమ్మా బొరుసూ వేసినట్టు 162 ఆడితే, ఎక్కడో ఒకచోట 21 వరస ఓటములు వచ్చే అవకాశం సుమారు నూటికి ఎనిమిదో తొమ్మిదో. పన్నెండు సీజన్లకొకసారి. అరుదే, కానీ శాపం అక్కర్లేదు, నాలుగింట ఒకటి గెలిచే జట్టయి ఉంటే చాలు.

ఐపీఎల్‌లో ఏడాదిలో తిరగబడుతుంది, అక్కడ ఎందుకు తిరగబడదు

పైన చెప్పిన 14లో రెండు గెలిచిన జట్టు మన డెక్కన్ చార్జర్సే. 2008లో అట్టడుగున నిలిచి, 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్పు కొట్టింది. సన్‌రైజర్స్ 2023లో నాలుగే గెలిచి పదో స్థానంలో ఉండి, మరుసటి ఏడాది పాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు తెచ్చుకుని ఫైనల్ దాకా వెళ్లింది. హైదరాబాద్ అభిమానికి ఇది అలవాటైన ఆశ: ఈ ఏడు పోతే పోయింది, వేలంలో చూసుకుందాం.

బేస్‌బాల్‌లో ఆ ‘చూసుకుందాం’ లేదు. మొదటి సంగతి, వేలం లేదు, అందరికీ ఒకే పర్సు లేదు. జీతాల మీద గట్టి పరిమితి లేదు కాబట్టి ఉన్నవాడు ఎంతయినా పెడతాడు, లేనివాడు, ఉన్నా పెట్టనివాడు పిల్లల్ని పెంచుకోవాలి. రెండోది, ఒక్క మనిషి మ్యాచ్‌ను లాగేయడం చాలా కష్టం. టీ20లో ఒక ఓపెనర్ ఇరవై ఓవర్లూ నిలబడి గెలిపించొచ్చు. బేస్‌బాల్‌లో ఎంతటివాడైనా తొమ్మిది మంది వరసలో తన వంతు వచ్చినప్పుడే బ్యాట్ పట్టాలి, మ్యాచ్‌కు నాలుగైదు సార్లు. మొదటి బంతి వేసే పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ఒక మ్యాచ్ ఆడితే మళ్లీ దిగేది సుమారు ఐదో రోజున. షోహెయ్ ఒతాని, మైక్ ట్రౌట్ లాంటి ఇద్దరు మహా ఆటగాళ్లు ఒకే జట్టులో ఆరేళ్లు ఉన్నా ఏంజెల్స్ ఒక్కసారి ప్లేఆఫ్ మొహం చూడలేదు.

వైట్ సాక్స్‌లోనే చూడండి. ఆ ఏడాది వాళ్లకు గారెట్ క్రోషే అనే ఎడమచేతి పిచర్ ఉన్నాడు. 146 ఇన్నింగ్స్‌లలో 209 మందిని స్ట్రయికౌట్ (బంతి ఆడనివ్వకుండా అవుట్) చేశాడు, ఆల్‌స్టార్ మ్యాచ్‌కు వెళ్లాడు. అతడి ఖాతాలో 6 గెలుపులు, 12 ఓటములు. అంతకుముందు మేజర్ లీగ్‌లో స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌గా, చేసినవాడు కాదు కాబట్టి, చేయి పాడవుతుందని రెండో సగంలో అతడిచేత నాలుగు ఇన్నింగ్స్‌లకు మించి వేయించలేదు. అతడు దిగిపోయాక మిగతా ఐదు ఇన్నింగ్స్‌లు ఎవరు వేస్తారు? అదే ఈ జట్టు కథ.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆరేళ్ల గడియారం. ఒక కుర్రాడు మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాక మొత్తం ఆరేళ్ల సర్వీసు అయ్యేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, అందులో మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతానికే ఆడతాడు. ఆ తర్వాతే బహిరంగ మార్కెట్‌కు వెళ్లగలడు. అందుకే అక్కడ జట్టును నిర్మించడమంటే ప్రతిభావంతులైన పిల్లల్ని ఒకే వయసులో పోగుచేసి, అందరి గడియారాలూ ఇంచుమించు ఒకేసారి నడిచేలా చూసుకోవడం. పంట ఒకేసారి చేతికి రావాలి. వచ్చిన ఆ నాలుగైదేళ్లలోనే గెలవాలి.

మొదటి పంట

2005లో వైట్ సాక్స్ హ్యూస్టన్‌ను 4-0తో చిత్తు చేసి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ టైటిల్, గెలిచింది, 88 ఏళ్ల తర్వాత. ఆ సిరీస్ మొదటి మ్యాచ్‌కు స్టేడియంలో కూర్చున్న షికాగో మతగురువు ఒకాయన ఇప్పుడు పోప్ లియో. ఆ తర్వాత పదేళ్లకు జట్టు ఎటూకాని స్థితికి చేరింది. గెలవదు, అలాగని పూర్తిగా పడిపోదు.

ఆ మధ్యస్థపు రోజుల్లోనే మొదటి తప్పు జరిగింది. 2016 జూన్‌లో, ఎలాగైనా ప్లేఆఫ్‌కు వెళ్లాలన్న ఆరాటంతో, శాన్ డియాగో నుంచి జేమ్స్ షీల్డ్స్ అనే వయసు మళ్లిన పిచర్‌ను తెచ్చుకున్నారు. బదులుగా ఇచ్చినవాళ్లలో 17 ఏళ్ల కుర్రాడొకడున్నాడు, అప్పటికి ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. పేరు ఫెర్నాండో టాటీస్ జూనియర్. షీల్డ్స్ వచ్చినా ప్లేఆఫ్ రాలేదు. టాటీస్ శాన్ డియాగోలో పెద్ద స్టార్ అయ్యాడు.

ఆ డిసెంబరులో జ్ఞానోదయమైంది. అప్పటికి ఊళ్లో ఇంకో జట్టు కబ్స్, హ్యూస్టన్ ఇద్దరూ ఒక బాట వేసి ఉన్నారు: కొన్నేళ్లు కావాలనే ఓడు, ఉన్న స్టార్లను అమ్మి పిల్లల్ని తెచ్చుకో, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) ముందు వరసలో నిలబడు. హ్యూస్టన్ 2011 నుంచి మూడేళ్లు వరసగా 106, 107, 111 ఓడి, 2017లో టైటిల్ గెలిచింది. 2012లో 101 ఓడిన కబ్స్ 2016లో గెలిచింది. వైట్ సాక్స్ కూడా క్రిస్ సేల్‌ను బోస్టన్‌కిచ్చి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌లను తెచ్చుకుంది. హోసే కింటానాను కబ్స్‌కిచ్చి ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్‌లను తెచ్చుకుంది. క్యూబా నుంచి లూయిస్ రాబర్ట్‌ను సంతకం చేయించింది. 2018లో 100 ఓడింది. అనుకున్న ప్రకారమే.

నిజం చెప్పాలంటే విత్తనాలు మంచివే. 2020లో ప్లేఆఫ్, 2021లో 93 గెలుపులు. జనం 2005 మళ్లీ వస్తోందనుకున్నారు. మరి ఎక్కడ తేడా కొట్టింది?

నా లెక్కలో మూడు చోట్ల. ఒకటి, ఆ ఏడెనిమిది మంది వెనక ఇంకెవరూ లేరు. పక్కన మైనర్ లీగుల్లో ఏటా ఇద్దరు ముగ్గురు పనికొచ్చే కుర్రాళ్లు తయారవుతుంటేనే ఒకడు గాయపడినా జట్టు నిలబడుతుంది. ఇక్కడ గాయాలు వరసగా వచ్చాయి. 2021లో సీజన్ మొదలుకాకముందే, ప్రాక్టీస్ మ్యాచ్‌లో గోడ దాటిపోతున్న హోమ్‌రన్‌ను అందుకోబోయి హిమెనెజ్ ఛాతీ కండరం తెంచుకున్నాడు. ఫలితం లెక్కలోకి రాని మ్యాచ్, ఎలాగూ దక్కని బంతి. ఇతడికీ రాబర్ట్‌కూ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడకముందే ఆరేళ్ల కాంట్రాక్టులు రాసిచ్చారు, 4.3 కోట్ల డాలర్లు ఒకరికి, 5 కోట్లు ఇంకొకరికి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పద్ధతి తప్పని కాదు, చాలా జట్లు చేస్తాయి, ఫలిస్తే కారుచౌక. ఫలించకపోతే చేతిలో వేరే దారి ఉండాలి.

రెండు, ఆ చేతిలో ఉండాల్సిన దారి డబ్బు. 2018-19 చలికాలంలో మానీ మచాడో మార్కెట్‌లోకి వచ్చాడు. అతణ్ని రప్పించడానికి వైట్ సాక్స్ అతడి బావమరిది యోండర్ అలోన్సోను ముందుగా తెచ్చుకుంది, ఇంకో స్నేహితుణ్నీ తెచ్చుకుంది. బావమరిది వచ్చాడు కదా, బావ రాకపోతాడా అని! బావ శాన్ డియాగో వెళ్లిపోయాడు. అక్కడ పదేళ్లకు 30 కోట్ల డాలర్లు ఇచ్చారు. షికాగో ఇస్తానన్నది ఎనిమిదేళ్లకు 25 కోట్లని అప్పట్లో వార్తలొచ్చాయి. మిగిలిన బావమరిది నాసిరకంగా .178 సగటుతో కొడితే మధ్యలోనే పంపించేశారు. ఆ తర్వాత కూడా ఈ క్లబ్ ఏ ఆటగాడికీ 10 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇవ్వలేదు. క్లబ్ చరిత్రలో అతి పెద్దది బెనింటెండీకి ఇచ్చిన 7.5 కోట్లు. పైన గాల్లోకి బంతి లేపినవాడే.

ఇప్పుడు 120వ ఓటమికి మళ్లీ రండి. ఆ రోజు శాన్ డియాగో జట్టులో టాటీస్ ఉన్నాడు, మచాడో ఉన్నాడు. సీస్ కూడా ఉన్నాడు, ఆ సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు వైట్ సాక్సే అమ్మేసింది. పోగొట్టుకున్నవాడు, రప్పించుకోలేనివాడు, అమ్ముకున్నవాడు, ముగ్గురూ ఒకే బెంచీ మీద.

మూడోది పెత్తనం. 2020లో ప్లేఆఫ్‌కు తీసుకెళ్లిన మేనేజర్ రిక్ రెంటెరియాను తీసేశారు. బేస్‌బాల్‌లో మేనేజరంటే మన కోచ్, కెప్టెన్ కలిసినవాడు. రైన్స్‌డార్ఫ్ అక్టోబరు 29న టోనీ లా రూసాను పెట్టాడు. ఆయన వయసు 76, అప్పటికే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న పెద్దమనిషి, మేనేజర్‌గా తొమ్మిదేళ్లుగా ఖాళీ. 1986లో ఇదే క్లబ్ ఆయన్ను తీసేసింది, అది తన జీవితంలో పెద్ద పొరపాటని రైన్స్‌డార్ఫ్ బాధపడుతూ ఉండేవాడు. ముప్పై నాలుగేళ్ల నాటి బాకీ తీర్చుకోవడానికి కుర్రాళ్ల జట్టును వాడుకున్నాడని అభిమానుల మంట. 2021లో బాగానే నడిచింది, హ్యూస్టన్ చేతిలో ప్లేఆఫ్‌లో ఓడింది. 2022లో సరిగ్గా 81-81. మధ్యలో ఆరోగ్యం బాగాలేక లా రూసా తప్పుకున్నాడు. ఇక 2020 అక్టోబరు 30న, అంటే లా రూసాను పెట్టిన మర్నాడే, డెట్రాయిట్ ఏ.జె. హించ్‌ను మేనేజర్‌గా తీసుకుంది. హ్యూస్టన్‌కు 2017 టైటిల్ తెచ్చినవాడు, ఆ జట్టు ప్రత్యర్థుల సైగలు దొంగిలించిన వ్యవహారంలో ఏడాది నిషేధం అనుభవించి వచ్చినవాడు. షికాగోలో చాలామంది తమకు కావాలనుకున్నదీ అతణ్నే. 2024 సెప్టెంబరు 27న వైట్ సాక్స్‌ను 121వ సారి ఓడించింది హించ్ జట్టే. అదే రాత్రి డెట్రాయిట్ ప్లేఆఫ్‌కు చేరింది. మైదానంలో షాంపేన్ వాళ్లది, రికార్డు వీళ్లది.

శిథిలాల మీద రెండో పునాది

2023లో, చివరికి 101 ఓడిన (అప్పుడది పెద్ద అవమానంలా అనిపించింది) ఆ సీజన్ మధ్యలో గానీ పాత పెత్తందార్లు కెన్ విలియమ్స్, రిక్ హాన్ ఇళ్లకు పోలేదు. ఆగస్టు 22న తీసేసి, పది రోజులైనా కాకముందే క్రిస్ గెట్జ్‌కు జనరల్ మేనేజర్ పదవి ఇచ్చారు. ఇన్నాళ్లూ పిల్లల్ని తయారుచేసే విభాగం చూసింది ఆయనే. బయట వెతకలేదు.

గెట్జ్‌కు దక్కిందేమిటి? మొదటి పంట తాలూకు మొండి కాడలు. 2019లో .335తో లీగ్ బ్యాటింగ్ చాంపియన్ అయిన టిమ్ ఆండర్సన్ 2023లో ఒకే ఒక్క హోమ్‌రన్ కొట్టాడు, వదిలేశారు. అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే మొంకాడా 2024లో ఆడింది 12 మ్యాచ్‌లు. ముందు ఏడాది 38 హోమ్‌రన్లు కొట్టిన రాబర్ట్ ఏప్రిల్‌లోనే తుంటి దగ్గర గాయపడి, 100 మ్యాచ్‌ల్లో 14 కొట్టాడు. విలువున్నవాళ్లను అమ్మడం ఒక్కటే దారి. మార్చిలో సీస్ వెళ్లాడు. జులై ఆఖరులో ఎరిక్ ఫెడీ, కోపెక్, టామీ ఫామ్, హిమెనెజ్ వెళ్లారు. కోపెక్ డాడ్జర్స్‌తో కలిసి మూడు నెలలకే వరల్డ్ సిరీస్ గెలిచాడు.

దీన్ని కావాలని ఓడిపోవడం అంటారా? సగమే. హ్యూస్టన్ చవగ్గా ఓడింది. వీళ్లు ఖర్చు పెట్టి ఓడారు. లీగ్‌లో అందరికన్నా తక్కువ జీతాలిచ్చిన ఓక్లండ్ అదే ఏడాది 69 గెలిచింది. వైట్ సాక్స్ కొత్త పిల్లలు ఇంకా తయారుకాక, పాతవాళ్లు పనికిరాక, మధ్యలో పడిన ఖాళీని వేరేచోట్ల వదిలేసిన ఫీల్డర్లతో నింపింది. తొలి 25 మ్యాచ్‌ల్లో మూడే గెలిచింది. మే, జూన్‌లలో వరసగా 14 ఓడింది. మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ను ఆగస్టు 8న తీసేసేటప్పటికి లెక్క 28-89. తర్వాత గ్రేడీ సైజ్‌మోర్ తాత్కాలికంగా వచ్చి 13-32 నడిపాడు. కొద్దిగా మెరుగు, అంతే. కోపం తీర్చుకోవడానికి మేనేజర్ పనికొస్తాడు గానీ, మ్యాచ్‌కు మూడు పరుగులు చేసే బ్యాటింగ్‌కు ఎవరొచ్చినా ఏం చేస్తారు?

స్టేడియం సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. పేరు కొనుక్కున్న కంపెనీ లోగోలో కిందికి చూపించే ఎర్ర బాణం ఉండేది. ఓడిపోయిన ప్రతి రాత్రీ ఆ బాణం కిందికే చూపిస్తూ ఉండేది. ఆ ఏడాది అక్కడ నలుగురూ మెచ్చుకున్నది క్యాంప్‌ఫైర్ మిల్క్‌షేక్ ఒక్కటే. అదే ఏడాది యజమాని కొత్త స్టేడియానికి ప్రభుత్వ సొమ్ము కావాలని ఇల్లినాయ్ రాష్ట్రాన్ని అడిగాడు.

ఇంతా ఓడితే కనీసం డ్రాఫ్ట్‌లో మొదటి కుర్రాడైనా దక్కాలి కదా? దక్కలేదు. హ్యూస్టన్ చూపిన బాట అందరూ పట్టేసరికి లీగ్ 2022లో నియమం మార్చింది. మొదటి ఆరు స్థానాలకు లాటరీ. ఆదాయం ఎక్కువున్న జట్లు వరసగా రెండేళ్లు లాటరీ స్థానం తీసుకోకూడదు. వైట్ సాక్స్ 2024లో ఐదో స్థానం తీసేసుకుంది. షికాగో పెద్ద మార్కెట్. కాబట్టి 121 ఓడినా 2025 డ్రాఫ్ట్‌లో వాళ్లకు పదో స్థానమే. రెంటికీ చెడ్డ రేవడి. 2025లో కొలరాడో రాకీస్ 119 ఓడింది, చేసినవాటికన్నా 424 పరుగులు ఎక్కువిచ్చి ఆ విషయంలో వైట్ సాక్స్‌ను కూడా మించిపోయింది. వాళ్లనూ ఇలాంటి నియమమే 2026లో పదో స్థానానికి నెట్టింది. చిన్న మార్కెట్ కాబట్టి వాళ్లకు రెండేళ్ల బదులు మూడేళ్ల హద్దు, అదొక్కటే తేడా.

క్రోషేను 2024 డిసెంబరులో బోస్టన్‌కిచ్చి నలుగురు కుర్రాళ్లను తెచ్చుకున్నారు. ఎనిమిదేళ్ల కిందట, అదే డిసెంబరులో, సేల్‌ను ఇచ్చింది కూడా బోస్టన్‌కే. విల్ వెనబుల్ మేనేజర్‌గా వచ్చాడు, కుర్రాళ్లతో 2025లో 60 గెలిచారు, 102 ఓడారు. జస్టిన్ ఇష్బియా అనే పెట్టుబడిదారుకు 2029 తర్వాత క్లబ్ చేతులు మారేలా ఒప్పందం కుదిరింది. ఆ డిసెంబరులో లాటరీలో ఈసారి వైట్ సాక్స్ పేరు వచ్చింది, 2026 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం. అలా వచ్చే కుర్రాడు మామూలుగా రెండు మూడేళ్లు మైనర్ లీగుల్లో బస్సులెక్కి తిరగాలి. అతడి ఆరేళ్ల గడియారం ఆ తర్వాతే మొదలవుతుంది.